ఇసుక ఎముకను అతికించునా?

దోమకొండ వంటి పల్లెపట్టులలో తాటిచెట్టు మీదినుండి జారిపడిన గీతకార్మికుని తరచుగా మొదట చేర్చేది కట్టు కట్టేవారి ఇంటికే. వెదురు బద్దలు, నల్లేరు ముద్ద, బిగువైన కట్టు. చిన్న బీటకు అది చాలవచ్చును. ఎముక నుజ్జై కొంత భాగం లోపించినప్పుడు ఆ ఖాళీని పూరించేదెట్లు?

ఈ ప్రశ్నకు ఒక సమాధానం ఇసుకలోని సిలికా నుండి వచ్చినది. 1969లో అమెరికాలోని ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో లారీ హెంచ్ ఒక వింత గాజును తయారుచేశారు. నూటికి 45 పాళ్లు సిలికా. సున్నం, సోడియం ఆక్సైడు చెరి 24.5 పాళ్లు, తక్కిన 6 పాళ్లు ఫాస్ఫరస్ ఆక్సైడు. శరీరద్రవం తగలగానే దీనిలోని సోడియం కరిగిపోయి, పైన జిగురువంటి సిలికా పొర మిగులుతుంది. దానిపై కాల్షియం, ఫాస్ఫేటు పేరుకొని ఎముకలోని ఖనిజం వంటిదే ఏర్పడుతుంది. అసలు ఎముక దానిని తనదిగా భావించి అంటుకొని పెరుగుతుంది. కాల్షియం సిలికేటు పింగాణీల పనితీరూ ఇంచుమించు ఇదే. అయితే ఇవి పెళుసు. తొడ ఎముక మోసే బరువును మోయలేవు. గుళికలుగా ఖాళీలను నింపడానికే తగినవి. పక్కన లోహపు పలక, స్క్రూలు తప్పవు.

"మన వంశలోచనం కూడా సిలికాయే కదా, తింటే విరిగిన ఎముక అతుకుతుంది" అనే వాదన వినవస్తున్నది. వెదురు కణుపుల్లో గట్టిపడే ఆ తెల్లని పదార్థం ప్రధానంగా సిలికాయే. సితోపలాది చూర్ణంలో 16 పాళ్ల పటికబెల్లానికి 8 పాళ్లుగా చేరి దగ్గుకు ఉపకరిస్తున్నది. ఎముక పెరిగేచోట సిలికాన్ ఉంటుందని 1970లో ఎడిత్ కార్లైల్ చూపిన మాటా నిజమే. అంతమాత్రాన తిన్న సిలికా విరిగినచోటికి చేరి గుళికవలె నిలువదు. (అంగడిలో ఆ పేరుతో దొరికేదానిలో చాలాభాగం వెదురు ముఖం చూడని కృత్రిమ సిలికా అన్నది వేరే సంగతి.) శాస్త్రంలో చెప్పని గుణాన్ని ఔషధానికి అంటగట్టడం ఆయుర్వేదానికి సేవ కాదు.

ఇటువంటి పింగాణీలను తిరువనంతపురంలోని శ్రీచిత్ర తిరునాళ్ సంస్థ మన దేశంలోనే రూపొందించినది. కామారెడ్డి వంటి జిల్లా కేంద్రాల ఆసుపత్రులలో శస్త్రవైద్యునికి ఇవి కావలసినప్పుడెల్లా అందేటట్లు చూడడం ప్రభుత్వ బాధ్యతయని మా అభిప్రాయం.

పడినవారి అవయవాన్ని కదలనీయక, బద్ద ఆసరాతో నేరుగా ఎక్స్‌రేకు తీసుకొనిపోవలెను. కట్టిన తరువాత వేళ్లు చల్లబడినా, నల్లబడినా, తిమ్మిరెక్కినా కట్టును తక్షణం విప్పించవలెను. ఇక ఎముక అతుకుతున్న ఆ వారాలలో నల్లేరు పచ్చడి అన్నంలో కలుపుకొని తింటామంటే మాకే అభ్యంతరమూ లేదు.