పాసుపుస్తకంలో లేని రైతు

మన సాహిత్య సభల్లో పాలగుమ్మి సాయినాథ్‌ని గొప్ప వ్యంగ్యకారుడని పొగుడుతుంటారు. మంచి కరువంటే అందరికీ ఇష్టమే అనే అర్థంలో 1996లో తన పుస్తకానికి ఆయన పెట్టిన పేరు చెప్పగానే సభ నవ్వుతుంది. ఆ నవ్వుతోనే సరిపెట్టుకోవడం మీదే నా పేచీ.

అనంతపురంలో వేరుశనగ ఎండిపోయి, బోర్లు ఎండిపోయి, అప్పులు మాత్రం మిగిలి, పురుగుల మందు తాగి చనిపోయిన ఎందరినో రికార్డులు ‘కడుపునొప్పి తాళలేక’ చనిపోయినట్టు రాసుకున్నాయి. 2001 ప్రాంతంలో సాయినాథ్ ఆ మాటని అలాగే తెచ్చి పాఠకుల ముందు పెట్టాడు. మందు తాగితే కడుపు నొప్పి పుట్టదా మరి? అక్కడ వ్యంగ్యం రాసింది రాజ్యం. ఆయన దాన్ని చదివి వినిపించాడు, అంతే.

ఆయన కెమెరా చేసిన పనీ ఇదే. 1993 నుంచి 2002 దాకా పది రాష్ట్రాల్లో తీసిన ఫొటోలతో, గ్రామీణ స్త్రీల కంటికి కనిపించే పని గురించి, కనిపించకుండా పోయే వాళ్ళ గురించి ప్రదర్శన పెట్టాడు. మా జిల్లాలో విత్తనానికి కాయలు ఒలిచేదెవరు? కలుపు తీసేదెవరు? చెట్లు పీకి కాయలు కోసేదెవరు? ఎక్కువగా ఆడవాళ్ళే. పాసుపుస్తకం మాత్రం మొగుడి పేరునో మామ పేరునో ఉంటుంది. 2004లో 421 జీవో రైతు ఆత్మహత్యకి లక్షన్నర సాయం ప్రకటించింది. ఆమె చనిపోతే? పేరున భూమి లేదు కాబట్టి ఆమె రైతు కాదు, రైతు భార్య. ఆ చావు ‘కుటుంబ కలహాల’ ఖాతాలోకి పోతుంది. ఈ లెక్క మోసాన్ని సాయినాథ్ పదే పదే బయటపెట్టాడు.

నేను పరిశోధనకి చదివిన సీమ కరువు కథల్లో చాలావాటిలో రైతంటే మగవాడే. ఆమె శవం పక్కన ఏడవడానికే కథలోకి వస్తుంది. రిపోర్టింగ్ సాహిత్యం కాదని తేల్చేసే విమర్శకులు ముందు దీనికి జవాబు చెప్పాలి.

దీపా భాటియా ఆయన మీద 2009లో తీసిన ‘నీరోస్ గెస్ట్స్’లో సాయినాథ్ అడిగేది నీరో గురించి కాదు. మనుషుల్ని తగలబెట్టిన వెలుగులో కూర్చుని విందు తిన్న అతిథుల గురించి. 2007 జాతీయ రైతు విధానం భూమి లేని కూలీలనీ కౌలుదార్లనీ కూడా రైతులే అంది. అది కాగితం మీదే ఉండిపోతే ఎవరికి లాభం? పట్టా కాదు, పని రైతుని నిర్ణయించాలి. సభల్లో నవ్వేవాళ్ళు ఈ డిమాండ్ మీద సంతకం పెడతారా?