చెట్ల లెక్కకు అందని నేలతాడి

హైటెక్ సిటీ పరిసరాలలో భూమిని చదును చేసే ముందు చెట్లను లెక్కించడం ఆనవాయితీ. 2002 నాటి వాల్టా చట్టం కూడా చెట్లకు రక్షణ కల్పించింది. 2025 ఏప్రిల్ 3న కంచ గచ్చిబౌలిలో పనులను సుప్రీంకోర్టు నిలిపివేసినప్పుడు చెట్లు, జింకలు, నెమళ్ళ గురించి విస్తృతంగా చర్చ జరిగింది. చెట్ల నీడన నేలను అంటుకొని పెరిగే గుల్మాల ప్రస్తావన మాత్రం అరుదుగానే వినిపించింది. ఈ లోపాన్ని సరిదిద్దవలసిన బాధ్యత మనదేనని నా అభిప్రాయం.

తెలంగాణ ఆకురాల్చు అడవులలో పెరిగే నేలతాడినే ఉదాహరణగా తీసుకుందాం. దీని శాస్త్రీయ నామం కర్క్యులిగో ఆర్కియాయిడిస్; కుటుంబం హైపాక్సిడేసి. ఆయుర్వేదంలో దీనిని తాలమూలి అంటారు. తాటి మొలకను పోలిన మడతల ఆకులు, నిటారుగా భూమిలోకి దిగే నల్లని కొమ్ము, ఆరు పరిపత్రాలు గల పసుపు పువ్వు దీని గుర్తులు. నిమ్న అండాశయం ఆకుల తొడుగుల మధ్య నేలమట్టంలోనే దాగి ఉంటుంది. ఆకు కొన నేలను తాకిన చోట వేళ్ళూని పిల్లమొక్కగా మారగలదు.

ఉత్తర అమెరికా తూర్పు అడవులలోని మరుగుజ్జు ఐరిస్, ఐరిస్ క్రిస్టాటా, కూడా ఇదే ఆస్పరాగేల్స్ క్రమానికి చెందినది. రెండింటికీ కొమ్ము, నిమ్న అండాశయం ఉన్నాయి. అయితే ఐరిస్‌కు మూడు కేసరాలు, నేలతాడికి ఆరు. అక్కడ ఆ మొక్క నీడ తోటల అలంకరణగా స్థిరపడింది. ఇక్కడ నేలతాడిని ఔషధం కోసం కొమ్ముతో సహా తవ్వుతున్నాము. కొమ్ము పోతే మొక్కే పోతుంది.

వేసవిలో దీని ఆకులు ఎండిపోతాయి. ఆ కాలంలో సర్వే చేసినవారికి అది బోసి నేలగానే కనిపిస్తుంది. పెద్ద చెట్టును వేళ్ళతో పెకలించి మరొకచోట నాటడానికి యంత్రాలు, ధనం కావాలి. నేలతాడిని తరలించడానికి ఒక గునపం, ఒక బుట్ట చాలు. అయినా జాబితాలో లేని మొక్కను ఎవరు తరలిస్తారు?

కావున భూమి మార్పిడికి ముందు జరిపే వృక్ష సర్వేలో తొలకరి తరువాతి పరిశీలనను తప్పనిసరి చేయాలి. వృక్షశాస్త్ర, వ్యవసాయ విద్యార్థులు ఈ పనిని క్షేత్ర శిక్షణలో భాగంగా చేపట్టవచ్చు. సేకరించిన కొమ్ములను కొండాపూర్ బొటానికల్ గార్డెన్ వంటి చోట్ల చెట్ల నీడన నాటవచ్చు. విస్తరణ శాస్త్రవేత్తలు ముక్కల ద్వారా ప్రవర్ధనాన్ని రైతులకు నేర్పితే అడవిపై ఒత్తిడి తగ్గుతుంది. చెట్లను లెక్కించిన చేతులతోనే, వానలు పడ్డాక, వాటి కింది నేలను కూడా ఒకసారి పరిశీలించుదాము.