అరిసెల పాకం ఒక్కరి పని కాదు

సంక్రాంతి వస్తోందంటే మన డెల్టా గ్రామాల్లో అరుగుల మీద కోడిపందేల కబుర్లే. వంటింట్లో అరిసెల పని ఎవరు చేస్తున్నారు, ఎంతమంది చేస్తున్నారు అని మగవాళ్ళం ఒక్కరమూ ఆలోచించడం లేదు.

అరిసెల ఆలోచన కోత రోజునే మొదలు కావాలి. కొత్త బియ్యానికి జిగురు ఉంటుంది, పాకాన్ని పట్టుకుంటుంది. కాని ఇప్పుడు కోత మిషను దిగిందంటే ధాన్యం చేలోంచే లారీ ఎక్కుతోంది. నాలుగెకరాలు పండించిన రైతు పండుగ బియ్యం కొట్లో కిలోల లెక్కన కొంటున్నాడు. ఒక్క బస్తా ఆపి మర ఆడించుకుంటే పోయేదానికి ఇదేం ఖర్మ?

బియ్యం ముందురోజే నానబోయాలి. నీళ్ళు వార్చి, తడి ఆరకుండానే పిండి పట్టించాలి. పూర్వం రోట్లో దంచేవారు, ఇప్పుడు మర దగ్గర వరుసలో నిలబడేసరికి పూట గడుస్తుంది. కిలో బియ్యానికి ముప్పాతిక కిలో బెల్లం మా ఇంటి లెక్క. పాకం చుక్క నీళ్ళలో వేస్తే వేళ్ళ మధ్య మెత్తగా ఉండ కట్టాలి. లేతైతే అరిసె నూనెలో విడిపోతుంది, ముదిరితే రాయి. సరిగ్గా ఆ అదనులో ఒకరు పిండి పోస్తుంటే ఇంకొకరు ఆగకుండా తెడ్డు తిప్పాలి. తరువాత ఆకు మీద తట్టేవారు ఒకరు, వేయించేవారు ఒకరు, నూనె కారేలా నొక్కేవారు ఒకరు.

కిందటేడు మా ఇంట్లో ఇదంతా నా భార్య ఒక్కతే చేసింది. నేను అరుగు మీద కూర్చుని ముగ్గుల పోటీ వార్త రాస్తున్నాను. ఒకసారి రమ్మని పిలిచింది. వస్తున్నానన్నాను, వెళ్ళలేదు. పాకం ముదిరింది, మూడు కిలోల పిండి పాడైంది. పైగా నేనే కేకలేశాను. మా అమ్మ మాత్రం "మా రోజుల్లో నలుగురం ఉండేవాళ్ళంరా" అని ఊరుకుంది.

నిజమే. నా చిన్నతనంలో ఈరోజు మా ఇంట, రేపు ఎదురింట అని వంతులుండేవి. పాకం చూసే పెద్దమ్మ వీధికంతా ఒక్కరే. ఆవిడ వచ్చి సరేనంటే గాని బాణలి దించేవారు కాదు. ఇప్పుడు పిల్లలు హైదరాబాదు నుంచి భోగినాటి తెల్లవారుజామున బస్సు దిగుతారు, వాళ్ళ సాయం నమ్ముకుంటే పని కాదు. కొనుక్కోవచ్చు కదా అంటారు. తప్పు లేదు, వండి అమ్మే ఆడవాళ్ళకు అదే బతుకుతెరువు. అయితే ఇంటి అరిసెలే కావాలని పట్టుబట్టేదీ మగవాళ్ళే, వంటింటి గడప తొక్కనిదీ మగవాళ్ళే.

వారం ముందే నాలుగిళ్ళవాళ్ళు కూర్చుని వంతులు వేసుకోవాలి. బియ్యం మరకు మోయడం, కట్టెలు కొట్టడం, తెడ్డు తిప్పడం మగవాళ్ళు తీసుకోవాలి. బలం మనకే ఉందని చెప్పుకుంటాం కదా! పాకం చూడడం తెలిసిన పెద్దవాళ్ళు వీధికి ఒకరిద్దరు మిగిలారు. వాళ్ళ పక్కన కోడళ్ళనే కాదు, కొడుకులనూ కూర్చోబెట్టాలి.

ఈసారి మా ఇంటి వంతు భోగికి మూడు రోజుల ముందు. బస్తా ధాన్యం మర ఆడించి ఉంచాను. తెడ్డు నాది.