బెల్టు పెట్టుకునేలోపే ఊరొచ్చేస్తుంది!

విమానం ఎక్కగానే ఏం చేస్తాం? కిటికీ పక్క సీటు దొరికిందా అని చూసుకుంటాం. కాసేపు పేపరు తిరగేస్తాం. ఓ కునుకు కూడా తీస్తాం. స్కాట్లాండ్‌లోని ఓ విమానంలో మాత్రం ఇవేవీ కుదరవు. ప్రయాణం మొత్తం రెండే నిమిషాలు మరి!

స్కాట్లాండ్‌కు ఉత్తరాన సముద్రంలో ఆర్క్‌నీ దీవులున్నాయి. అందులో వెస్ట్రే, పాపా వెస్ట్రే ఇరుగుపొరుగు దీవులు. వాటి విమానాశ్రయాల మధ్య దూరం 2.7 కిలోమీటర్లు. ఎడింబరో విమానాశ్రయంలో రన్‌వే పొడవే దాదాపు అంత ఉంటుంది. రోజువారీ టైమ్‌టేబుల్‌తో నడిచే విమాన సర్వీసుల్లో ప్రపంచంలోకెల్లా చిన్నది ఇదే. లోగన్ఎయిర్ సంస్థ 1967లో దీన్ని మొదలుపెట్టింది.

వాడేది బ్రిటెన్-నార్మన్ ఐలాండర్ అనే బుల్లి విమానం. ఎనిమిది మంది ఎక్కితే నిండిపోతుంది. ఎయిర్‌హోస్టెస్ ఉండదు. అదృష్టం బాగుంటే పైలట్ పక్క సీట్లోనే కూర్చోవచ్చు!

దూరం ఎప్పుడూ అంతే అయినా, పట్టే సమయం మాత్రం గాలిని బట్టి మారుతుంది. విమానం ఎదురుగాలిలోకి లేవాలి, ఎదురుగాలిలోకే దిగాలి. గాలి వీచే దిక్కు కలిసొస్తే తిన్నగా వెళ్లి వాలిపోవచ్చు. లేదంటే ఓ చుట్టు తిరిగి రావాలి. స్టూవర్ట్ లింక్‌లేటర్ అనే పైలట్ ఒకసారి 53 సెకన్లలోనే అవతలి దీవిలో దించేశారు. రికార్డు అదే. 2013లో రిటైరయ్యేలోగా ఆయన ఈ దారిలో 12 వేలసార్లకు పైగా తిరిగారు.

ఇంత దగ్గరికి విమానమెందుకు, పడవ లేదా అంటారా? ఉంది. పాతిక నిమిషాల్లో చేరుస్తుంది. కానీ, అక్కడి చలికాలంలో సముద్రం మహా పోట్ల మీద ఉంటుంది. పైగా ఈ విమానం కేవలం ఆ రెండు దీవుల కోసమే పుట్టింది కాదు. ఆర్క్‌నీలో పెద్ద ఊరు కిర్క్‌వాల్. అక్కడ బయల్దేరిన విమానం ఒక దీవిలో ఆగి, రెండో దీవికి వెళుతుంది. బస్సు ఒక ఊళ్లో ఆగి, పక్క ఊరికి వెళ్లినట్టన్నమాట.

2011 లెక్కల ప్రకారం వెస్ట్రేలో 588 మంది ఉంటే, పాపా వెస్ట్రేలో ఉన్నది 90 మందే. అంత చిన్న ఊళ్లో పెద్దాసుపత్రి ఎక్కడుంటుంది? పెద్ద చదువులు ఎలా కుదురుతాయి? రోగులు ఆసుపత్రికి, పిల్లలు పైతరగతులకు కిర్క్‌వాల్ వెళ్లాల్సిందే. ఊరికి టీచర్లు, డాక్టర్లు రావాలన్నా ఈ రెక్కల బండే దిక్కు. పొగమంచు కమ్మేసి అది ఎగరని రోజున డాక్టరు అపాయింట్‌మెంటు కాస్తా వాయిదా పడాల్సిందే.

టూరిస్టులకు ఇదో సరదా. ఎక్కినట్టు సర్టిఫికెట్ తీసుకుని మురిసిపోతుంటారు. ఈజిప్టు పిరమిడ్ల కన్నా పాతవైన రాతి ఇళ్లు పాపా వెస్ట్రేలో ఉన్నాయి, పనిలోపనిగా వాటినీ చూసొస్తారు. ఆ 90 మందికి మాత్రం రికార్డులతో పనిలేదు. టైముకి వస్తే చాలు. అది వాళ్ల పల్లెవెలుగు బస్సు!