గడప నుంచి గడపకు ఎన్ని గంటలు?

హైదరాబాద్, విజయవాడల మధ్య సూటిగా గీత గీసి కొలిస్తే దూరం దాదాపు 250 కిలోమీటర్లు. 65వ నంబరు జాతీయ రహదారి మీద అది సుమారు 275. చౌటుప్పల్, నకిరేకల్, సూర్యాపేట, కోదాడ, నందిగామ మీదుగా సాగే ఈ దారికి మూసీ, పాలేరు, మునేరు తప్ప పెద్ద అడ్డంకులు లేవు. అందుకే గాలిలో దూరానికీ నేల మీద దూరానికీ తేడా పాతిక కిలోమీటర్లే.

విశాఖ సంగతి వేరు. సూటి దూరం 500 కిలోమీటర్ల పైచిలుకు. కానీ ఆ గీత గోదావరిని దాటి, మారేడుమిల్లి ప్రాంతపు కొండల మీదుగా పోతుంది. రోడ్డు మాత్రం విజయవాడకు దిగి ఏలూరు, రాజమహేంద్రవరం, తుని, అనకాపల్లి చుట్టి వెళ్తుంది. మొత్తం 620 కిలోమీటర్లకు పైనే. ఖమ్మం–దేవరపల్లి రహదారిని తలపెట్టింది ఈ వంపును కొంతైనా తగ్గించడానికే.

ఇక కాలం. విజయవాడ విమానం టైంటేబుల్లో గంట చూపిస్తుంది. అందులో విమానం రన్‌వే దాకా కదిలే సమయం, పైకి లేచే సమయం, కిందికి దిగే సమయం పోగా పూర్తి వేగంతో ఎగిరేది కొద్దిసేపే. నగరం నడిబొడ్డు నుంచి శంషాబాద్‌కు గంట, కౌంటర్ మూసేలోపు చేరి తనిఖీలు ముగించుకోవడానికి మరో గంటంబావు, దిగాక సామాను, గన్నవరం నుంచి ఊళ్లోకి సుమారు 20 కిలోమీటర్లు. అన్నీ కలిపితే నాలుగు గంటలు దాటుతుంది. కారులో అయిదు గంటలు. ఎల్బీనగర్, హయత్‌నగర్ వాసులైతే ఇల్లు దాటగానే విజయవాడ రహదారి ఎక్కేస్తారు. వారికి విమానంతో కలిసొచ్చేది దాదాపు ఏమీ లేదు. మియాపూర్ వారికి నగరం దాటడమే ఒక ప్రయాణం.

విశాఖకు విమానం గంటంబావు ఎగురుతుంది, రోడ్డు మీద పదకొండు పన్నెండు గంటలు పడుతుంది. విమానాశ్రయాల దగ్గర పోయే మూడు గంటలు రెండు ప్రయాణాలకూ ఇంచుమించు ఒకటే. చిన్న దూరంలో ఆ మూడు గంటలే లాభాన్ని మింగేస్తాయి, పెద్ద దూరంలో అవి లెక్కలోకి రావు. అయితే విశాఖలో నౌకాదళ స్థావరంలోని విమానాశ్రయం ఊళ్లోనే ఉంది, భోగాపురంలోని కొత్త విమానాశ్రయం మాత్రం సుమారు 45 కిలోమీటర్ల దూరం. అక్కడికి వేగంగా చేర్చే రోడ్డు లేకపోతే గాలిలో మిగిలిన సమయం నేల మీద ఖర్చవుతుంది.

కొత్త విమాన సర్వీసులు ప్రకటించినప్పుడు నిమిషాలు లెక్కపెట్టే ప్రభుత్వాలు ఈ నేల మీది గంటల్ని పట్టించుకోవడం లేదు. సంక్రాంతికి విజయవాడ దారిలోని పంతంగి టోల్‌ప్లాజా దగ్గర బారులు తీరే కార్లలో ఉన్నవారికి కావలసింది ఇంకో విమానం కాదు. 65వ నంబరు రహదారి ఆరు వరుసలు కావాలి, ఊళ్ల దగ్గర ప్రాణాలు తీస్తున్న కూడళ్లకు వంతెనలు రావాలి. విజయవాడ దారిలో ముందు ఖర్చు పెట్టవలసింది అక్కడే.