జీతము లేని కవాతు

నెపోలియను కాలపు ఆంగ్లేయ కాల్బలము రెండు వరుసలుగా నిలిచి, తుపాకులన్నిటిని ఒక్కమారుగా ప్రేల్చెడి నేర్పును చరిత్ర గ్రంథములు మెచ్చుకొనును. ఆ వరుస చెదరకుండుటకు కవాతొక్కటే చాలునా?

చాలదనుటకు మన సీమయే సాక్షి. కమాన్‌పూరు ప్రాంతము నాడు నిజాము ఏలుబడిలోనిది. జనులు మూసారామని పిలిచిన ఫ్రెంచి సేనాని రేమండు ఆ నిజామునకు ఐరోపా పద్ధతిని తీర్చిన కాల్బలము సుమారు 14,000. అతడు 1798 మార్చిలో మరణించెను. ఆ అక్టోబరులో జీతపు బకాయిలకై సిపాయిలు తిరుగబడి తమ అధికారులనే నిర్బంధించిరి. 22వ తేదీన కుంపిణీ సేన హైదరాబాదులో చుట్టుముట్టగా పోరులేకయే ఆయుధములు అప్పగించిరి.

తిండికి నమ్మకము లేనివాడు వరుసలో నిలువడు. ఉపాధ్యాయులు సేనానుల పేర్లతోపాటు సిపాయి జీతమునుగూర్చియు చెప్పవలెను. అప్పుడే గెలుపోటముల కారణము విద్యార్థులకు బోధపడును.