నల్ల తెర చూసి అమ్మేయకండి
పొన్నూరులో మా పాత డెస్క్‌టాప్‌లో లినక్స్ ఎక్కించబోతే మొదటిసారి సగంలో ఆగింది, రెండోసారి తెర నల్లబడింది. చూసినవాళ్లంతా ‘పాత సామానుకి వేసేయండి’ అన్నారు. ఆ మాటతోనే నాకు పేచీ. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆగిపోయింది. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ లేని యంత్రాన్ని విండోస్ 11 అధికారికంగా ఒప్పుకోదు. అంతమాత్రాన నిక్షేపంలా పనిచేసే ప్రాసెసర్ చెత్తయిపోతుందా? మా తంటా మొదట ఫైలులోనే ఉంది. దింపుకున్న లినక్స్ ఐఎస్ఓ ఫైలు చెక్‌సమ్‌ని పంపిణీదారు ప్రకటించిన విలువతో పోల్చి చూస్తే కలవలేదు. డౌన్‌లోడ్ మధ్యలో కరెంటు పోయిన రోజు గుర్తొచ్చింది. మళ్లీ దింపి, పెన్‌డ్రైవ్‌ని కొత్తగా తయారుచేశాక సగంలో ఆగడం పోయింది. నల్ల తెర మాత్రం వేరే జబ్బు, గ్రాఫిక్స్ కార్డుది. బూట్ అయ్యేటప్పుడు వచ్చే గ్రబ్ మెనూలో ‘ఇ’ నొక్కి, ‘లినక్స్’తో మొదలయ్యే వరుస చివర ‘నోమోడ్‌సెట్’ చేర్చి, ఎఫ్10 నొక్కితే బొమ్మ వచ్చింది. సరైన డ్రైవర్ తర్వాత వేసుకున్నాం. ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు, ఓపికగా ఒక్కొక్కటీ తేల్చుకోవడమే. తెలుగులో లినక్స్ కోసం హైదరాబాద్ ‘స్వేచ్ఛ’ సంస్థ వాళ్లు ఏళ్లుగా శ్రమిస్తున్నారు. తెనాలి, బాపట్ల, రేపల్లె కాలేజీల్లో ఈ మరమ్మతును కూడా తెలుగులో, పిల్లల చేత పాత యంత్రాల మీదే చేయించి నేర్పాలి. మా డెస్క్‌టాప్ మీద ఇప్పుడు మేనకోడలు పైథాన్ నేర్చుకుంటోంది.